అడగకుండా వచ్చే ఫోను, తొందరలో పెట్టే సంతకం

మోటారు ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి చట్టం ఇచ్చే పరిహారపు హక్కు ఆ వ్యక్తిది, ప్రాణం పోయినచోట ఆ కుటుంబానిది. ఆ హక్కును సాధించుకోవడానికి న్యాయవాది సాయం తీసుకోవచ్చు, చాలా సందర్భాల్లో తీసుకోక తప్పదు కూడా. అయితే బాధితుడు న్యాయవాదిని వెతుక్కుంటూ వెళ్లకముందే మూడో మనిషి ఒకడు బాధితుడిని వెతుక్కుంటూ వచ్చి, మాటలతో ఒప్పించి, అతని పేరును, ఫోను నంబరును, గాయాల వివరాలను ఒక న్యాయవాద సంస్థకు డబ్బుకు అప్పగిస్తే, అప్పటినుంచి ఆ హక్కు చేతులు మారే సరుకవుతుంది. ఆస్ట్రేలియాలో ఈ వ్యాపారాన్ని క్లెయిమ్ ఫార్మింగ్ అంటారు. తెలుగు జిల్లాల్లో ఆసుపత్రి వార్డుల దగ్గర, పోలీసు స్టేషను గుమ్మాల దగ్గర, కోర్టు ఆవరణల్లో కమీషను మీద కేసులు పట్టే దళారి చేసేదీ ఇదే పని. దీన్ని ఆపడానికి వచ్చిన చట్టాలు దెబ్బ ఎక్కడ కొట్టాయో గమనిస్తే, బాధిత కుటుంబం ఎక్కడ జాగ్రత్తపడాలో స్పష్టంగా తెలుస్తుంది.

దళారికి లాభం ఎలా వస్తుందన్నది ముందుగా అర్థం చేసుకోవలసిన విషయం. రోడ్డు మీద తిరిగే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ వాహనం వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే బీమా, తప్పనిసరి కాబట్టి, చాలా ప్రమాదాల వెనుక డబ్బు చెల్లించగల స్తోమతున్న కంపెనీ ఒకటి ఉంటుంది. కేసు గెలిస్తేనే ఫీజు తీసుకునే పద్ధతి ఉన్న దేశాల్లో న్యాయవాద సంస్థకు కేసుల సంఖ్యే ఆదాయానికి ఆధారం, ఆ సంఖ్యను పెంచుకోవడానికి కొన్ని సంస్థలు ఒక్కో కేసుకు ఇంతని దళారికి చెల్లిస్తాయి. ఆ చెల్లింపు సంస్థ తన జేబులోంచి ఇచ్చినట్టు కనిపించినా, చివరికి బాధితుడి పరిహారంలోంచి ఫీజు రూపంలోనూ, వాహనదారులందరూ కట్టే ప్రీమియంలోంచీ రాబట్టుకునేదే. పైగా చెల్లించిన సొమ్ము తిరిగి రావాలంటే చిన్న నొప్పిని పెద్దదిగా చూపించాలి, లేని నొప్పిని ఉన్నట్టు చెప్పించాలి. నిజమైన గాయం ఉన్న మనిషి కూడా ఆ విధంగా అబద్ధానికి భాగస్వామి అవుతాడు. ఈ వ్యాపారం చేసే కీడుల్లో ఇదే అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే బీమా కంపెనీ ఒక్క అతిశయోక్తిని పట్టుకున్నా, ఆ మనిషి చెప్పిన నిజాలు కూడా అనుమానంలో పడతాయి.

క్వీన్స్‌లాండ్ చట్టం

ఈ విషయంలో స్పష్టమైన చట్టం చేసిన ప్రాంతాల్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ముఖ్యమైనది. అక్కడ తప్పనిసరి థర్డ్ పార్టీ బీమాను క్లుప్తంగా సీటీపీ అంటారు. వాహనం రిజిస్ట్రేషను రుసుముతో పాటే ఆ ప్రీమియం కూడా కట్టాలి. 1994 నాటి మోటారు ప్రమాద బీమా చట్టం కింద ఏర్పడిన మోటారు ప్రమాద బీమా కమిషన్ ఈ వ్యవస్థను పర్యవేక్షిస్తుంది. ఎదుటి డ్రైవరు తప్పు ఉందని తేలితేనే పరిహారం దక్కే పద్ధతి అది. దాదాపు పదేళ్ల కిందట అక్కడి ప్రజలకు అపరిచిత ఫోన్లు రావడం ఎక్కువైంది. ఫోను చేసినవాళ్లు తాము బీమా కంపెనీ నుంచి మాట్లాడుతున్నామనో, ప్రభుత్వ సంస్థ నుంచి మాట్లాడుతున్నామనో చెప్పేవారు. ఇటీవల ప్రమాదమేదైనా జరిగిందా అని అడిగేవారు, జరిగిందంటే పెద్ద మొత్తం త్వరగా వస్తుందని ఆశపెట్టేవారు, వివరాలు రాబట్టాక వాటిని న్యాయవాద సంస్థలకు అమ్ముకునేవారు.

2019 డిసెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఈ గొలుసును రెండు చోట్ల తెంచింది. మొదటిది, పరిహారపు క్లెయిము వేయమని ప్రోత్సహించే ఉద్దేశంతో ఒక వ్యక్తిని, ఆ వ్యక్తి అడగకుండా, ఫోను ద్వారా గానీ మరో విధంగా గానీ సంప్రదించడం నేరం. రెండోది, క్లెయిము వేసే వ్యక్తిని ఒకరి దగ్గరికి పంపినందుకు ప్రతిఫలం ఇవ్వడం, పుచ్చుకోవడం, రెండూ నేరాలే. ప్రతిఫలం అంటే నగదు ఒక్కటే కాదు, విలువ కలిగిన ఏ లాభమైనా దాని కిందికి వస్తుంది. ఈ నేరాలకు గరిష్ఠ జరిమానా 300 పెనాల్టీ యూనిట్లు. పెనాల్టీ యూనిట్ అంటే జరిమానాలను లెక్కకట్టడానికి ప్రభుత్వం ఎప్పటికప్పుడు సవరించే ప్రమాణ మొత్తం. 2019లో అది 133 డాలర్లకు కాస్త పైన ఉండేది కాబట్టి, ఒక్క నేరానికి జరిమానా 40 వేల ఆస్ట్రేలియా డాలర్ల దాకా వెళ్లగలిగింది.

ఫోను చేసినవాడిని శిక్షించడం ఒక్కటే లక్ష్యమై ఉంటే ఈ చట్టం పెద్దగా పనిచేసేది కాదు, ఎందుకంటే ఫోను ఎక్కడో విదేశంలోని కాల్ సెంటరు నుంచి రావచ్చు, చేసినవాడి పేరు అబద్ధం కావచ్చు. న్యాయవాద సంస్థ అలా దాక్కోలేదు. దానికి లైసెన్సు ఉంది, కార్యాలయం ఉంది, కోర్టు ముందు బాధ్యత ఉంది. అందుకే డబ్బు ఇచ్చే చేతిని పట్టుకోవడం ఈ చట్టంలోని అసలు బలం. దీనికి తోడుగా, క్లెయిము నోటీసు ఇచ్చేటప్పుడూ, తర్వాతి కీలక దశల్లోనూ, ఈ కేసు తమకు దళారి ద్వారా రాలేదని, దీనికోసం ఎవరికీ ప్రతిఫలం ఇవ్వలేదని న్యాయవాద సంస్థ బాధ్యుడు ధ్రువపత్రం ఇవ్వాలన్న నిబంధన పెట్టారు. అబద్ధపు ధ్రువపత్రం ఇచ్చిన న్యాయవాదికి జరిమానాతో పాటు వృత్తిలో కొనసాగే అర్హతే ప్రమాదంలో పడుతుంది. నేరాన్ని ఎవరో వెలుపలివాళ్లు కనిపెట్టేదాకా ఆగకుండా, లాభపడగల మనిషి చేతే సంతకం చేయించే ఈ పద్ధతి ఇతర రాష్ట్రాలూ దేశాలూ అనుసరించదగినది.

మినహాయింపులు కూడా ఉన్నాయి. మంచి న్యాయవాది పేరు చెప్పమని బాధితుడే అడిగితే, స్నేహితుడు డబ్బు ఆశించకుండా చెప్పడంలో తప్పు లేదు. రెండు వందల డాలర్లకు మించని చిన్న కానుకనో ఆతిథ్యాన్నో చట్టం నేరంగా చూడదు. ఒక న్యాయవాద సంస్థ తన వ్యాపారాన్నంతా మరో సంస్థకు అమ్మినప్పుడు కేసులు వెళ్లడమూ వేరే సంగతే. 2022లో క్వీన్స్‌లాండ్ ఇదే నిషేధాన్ని మోటారు ప్రమాదాల పరిధి దాటించి, ఇతర వ్యక్తిగత గాయాల కేసులకూ, పని ప్రదేశంలో తగిలే గాయాల కేసులకూ విస్తరించింది. ఒక ద్వారం మూస్తే దళారులు పక్క ద్వారం వెతుక్కుంటారన్న అనుభవం దీని వెనుక ఉంది. ఇంగ్లండులో ఇదే ఆలోచన ఇంకా ముందే మొదలైంది. వ్యక్తిగత గాయాల కేసులను పంపినందుకు న్యాయవాదులు ఫీజు చెల్లించడాన్ని 2013 ఏప్రిల్ నుంచి నిషేధించారు, పరిహారపు క్లెయిముల కోసం అడగకుండా చేసే ఫోన్లకు 2018లో అడ్డుకట్ట వేశారు.

క్వీన్స్‌లాండ్‌లోని తెలుగువారు తెలుసుకోవలసింది

బ్రిస్బేన్‌లోనూ గోల్డ్ కోస్ట్‌లోనూ చదువుకుంటూ, డెలివరీ పనులు చేసుకుంటూ, కారు నడుపుతూ ఉండే తెలుగు యువతకు ఈ చట్టం నేరుగా వర్తిస్తుంది. కొత్త దేశంలో ప్రమాదం జరిగినప్పుడు తెలుగులో మాట్లాడే గొంతు ఫోనులో వినిపిస్తే ధైర్యం కలగడం సహజమే. అయితే ఆ గొంతు వెనుక కమీషను ఉంటే, భాష ఏదైనా చట్టం దృష్టిలో అది నేరమే. ఫోను చేసినవాళ్లు బీమా కంపెనీ పేరో ప్రభుత్వం పేరో చెబితే, ఏ వివరమూ ఇవ్వకుండా ఫోను పెట్టేసి, ఆ సంస్థ అధికారిక నంబరుకు తామే తిరిగి ఫోను చేసి కనుక్కోవడం క్షేమం. ఫోను వచ్చిన నంబరు, రోజు, సమయం, చెప్పిన పేరు, అడిగిన ప్రశ్నలు రాసిపెట్టుకుని మోటారు ప్రమాద బీమా కమిషన్‌కు తెలియజేయవచ్చు.

గడువుల గురించి దళారి భయపెడతాడు కాబట్టి నిజమైన గడువులు తెలిసి ఉండాలి. క్వీన్స్‌లాండ్‌లో ప్రమాదం జరిగిన నాటి నుంచి గానీ, గాయపు లక్షణాలు మొదట కనిపించిన నాటి నుంచి గానీ తొమ్మిది నెలల లోపు, లేదా మొదటిసారి న్యాయవాదిని సంప్రదించిన నాటి నుంచి ఒక నెల లోపు, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పటికి బీమా కంపెనీకి క్లెయిము నోటీసు చేరాలి. ఢీకొట్టిన వాహనం ఏదో తెలియనప్పుడు బీమా కంపెనీ స్థానంలో నిలబడే ప్రభుత్వ సంస్థకు మూడు నెలల్లోనే నోటీసు ఇవ్వాలి. అక్కడ ఆలస్యం నిజంగా చేటు చేస్తుంది. మిగతా కేసుల్లో ఆసుపత్రి మంచం మీద ఆ పూటే నిర్ణయం తీసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

కేసు గెలిస్తేనే ఫీజు అన్న మాట విన్నప్పుడు ఆ ఫీజు ఎంతదాకా వెళ్లగలదో అడగాలి. క్వీన్స్‌లాండ్ చట్టం దీనికి పరిమితి పెట్టింది. వచ్చిన పరిహారంలోంచి ఇతర సంస్థలకు తిరిగి కట్టవలసిన మొత్తాలనూ, వైద్య నివేదికల వంటి ఖర్చులనూ తీసేశాక మిగిలినదాంట్లో సగానికి మించి న్యాయవాద సంస్థ తన ఫీజుగా తీసుకోరాదు. ఉదాహరణకు, లక్ష డాలర్ల పరిహారంలో తిరుగు చెల్లింపులూ ఖర్చులూ కలిపి 20 వేలు పోతే, మిగిలిన 80 వేలలో ఫీజు 40 వేలకు మించకూడదు. సగం అన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే, మామూలు ధర కాదు. చిన్న కేసుకు కూడా సగం అడిగే సంస్థను ప్రశ్నించడం, మరో సంస్థతో పోల్చి చూడడం బాధితుడి హక్కు.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

భారతదేశంలో క్లెయిమ్ ఫార్మింగ్ పేరుతో ప్రత్యేక చట్టం లేదు గాని, దాన్ని నిషేధించే నియమాలు క్వీన్స్‌లాండ్ చట్టం కంటే పాతవి, ఒక విషయంలో దానికంటే కఠినమైనవి. న్యాయవాది నేరుగా గానీ దళారుల ద్వారా గానీ కేసుల కోసం వెంటబడకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి చెబుతుంది. కేసు ఫలితం మీద ఆధారపడే ఫీజుకు గానీ, వచ్చే సొమ్ములో వాటాకు గానీ ఒప్పందం చేసుకోకూడదని కూడా అదే నియమావళి శాసిస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో పరిమితితో అనుమతించిన పద్ధతి ఇక్కడ పూర్తిగా నిషిద్ధం. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని సందేహానికి తావు లేకుండా తేల్చింది. మోటారు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మహిళ నుంచి, పరిహారంలో ఇంత శాతమన్న లెక్కన ఫీజుగా న్యాయవాది తీసుకున్న 3 లక్షల రూపాయల చెక్కు చెల్లకపోవడంతో అతను ఆమెపై చెక్కు బౌన్సు కేసు వేశాడు. కోర్టు ఆ కేసును కొట్టివేస్తూ, పరిహారంలో శాతం అడగడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అనీ, అటువంటి ఒప్పందం ప్రజా విధానానికి విరుద్ధమనీ పేర్కొంది. మూడో వంతు ఇస్తామని ఒప్పుకుని సంతకం చేశాం కదా, ఇక ఏం చేయగలం అని కుంగిపోయే కుటుంబాలన్నిటికీ ఈ తీర్పు తెలియాలి.

దళారుల విషయంలో 1879 నాటి న్యాయవాద వృత్తిదారుల చట్టంలోని నిబంధనను 2023లో సవరణ ద్వారా న్యాయవాదుల చట్టంలోకి 45ఎ సెక్షనుగా తెచ్చారు. న్యాయవాది నుంచి ప్రతిఫలం తీసుకుని అతనికి కేసులు కుదిర్చేవాడినీ, ఆ పని కోసం కోర్టు ఆవరణల్లో, రైల్వే స్టేషన్లలో, ఇతర బహిరంగ స్థలాల్లో తిరిగేవాడినీ ఈ సెక్షను దళారిగా నిర్వచిస్తుంది. హైకోర్టు, జిల్లా జడ్జి, జిల్లా కలెక్టరు వంటి అధికారులు విచారణ జరిపి దళారుల జాబితా ప్రకటించవచ్చు. జాబితాలో పేరు ఉండగా ఆ పని చేసినవాడికి మూడు నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. లక్షల్లో సాగే కమీషను ముందు 500 రూపాయల జరిమానా ఏ మాత్రం సరిపోదు. జాబితా తయారు కానిదే శిక్షకు ఆస్కారమే లేకపోవడం మరో లోపం. డబ్బు ఇచ్చిన న్యాయవాదిని కూడా అదే సెక్షను కింద నేరస్థుడిగా నిలబెట్టి, ప్రతి పిటిషనుతో పాటు ధ్రువపత్రం అడిగే క్వీన్స్‌లాండ్ తరహా నిబంధన ఇక్కడా వస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

చట్టంలో ఈ లోపం ఉన్నా, బాధిత కుటుంబం దళారి లేకుండా ముందుకు సాగడానికి తగిన దారి ఇప్పటికే ఉంది. దళారి అమ్మేది ప్రధానంగా కాగితాల పని. ఎఫ్‌ఐఆర్ తెస్తాను, గాయాల సర్టిఫికెట్ తెస్తాను, కేసు వేయిస్తాను అంటాడు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఈ పనిలో ఎక్కువ భాగం దర్యాప్తు చేసే పోలీసు అధికారి విధి. ప్రమాదం తెలిసిన 48 గంటల్లో మొదటి నివేదికను, 50 రోజుల్లో మధ్యంతర నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ఆయన మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుల హక్కులను, కేసు నడిచే క్రమాన్ని వివరించే పత్రాన్ని పది రోజుల్లో బాధితులకు అందజేయాలి. పోలీసు నివేదికనే పరిహార దరఖాస్తుగా స్వీకరించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఈ గడువులు అన్నిచోట్లా పాటిస్తున్నారని అనుకోనవసరం లేదు, కానీ స్టేషనుకు వెళ్లి పది రోజుల్లో అందవలసిన ఆ పత్రాన్ని అడిగే కుటుంబాన్ని పక్కన పెట్టడం అధికారులకు అంత తేలిక కాదు. సొంతంగా ఎం.వి.ఓ.పి., అంటే ట్రిబ్యునల్‌లో వేసే పరిహారపు పిటిషను, దాఖలు చేయదలిస్తే చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. ఆ ఆరు నెలల్లో ఇద్దరు ముగ్గురు న్యాయవాదులను కలిసి మాట్లాడడానికి కావలసినంత సమయం ఉంటుంది.

ఆసుపత్రి ఖర్చే దళారికి మొదటి పట్టు. అడ్వాన్సు నేను కడతాను, తర్వాత చూసుకుందాం అన్న మాటతోనే చాలా వకాల్తాలు, అంటే న్యాయవాదికి కేసు నడిపే అధికారమిచ్చే పత్రాలు, సంతకమవుతాయి. 2025 మేలో నోటిఫై అయిన నగదు రహిత చికిత్సా పథకం కింద, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల పాటు, లక్షన్నర రూపాయల దాకా చికిత్స పొందే వీలుంది. ఆసుపత్రిలో చేరగానే ఈ పథకం గురించి అడగడం అప్పు తీసుకోవడం కంటే ముందు చేయవలసిన పని. ఢీకొట్టి వెళ్లిపోయిన వాహనం దొరకనప్పుడు, బీమా ఉన్న వేరే వాహనాన్ని చూపిద్దామని దళారి సలహా ఇవ్వవచ్చు. అది మోసం, దాన్లో సంతకం చేసిన బాధితుడూ ముద్దాయి అవుతాడు. అటువంటి ప్రమాదాలకు చట్టమే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు నిర్ణయించింది, దానికి దరఖాస్తు రెవెన్యూ అధికారికి ఇస్తారు. మొత్తం చిన్నదే, అయినా అది న్యాయంగా వచ్చేది.

సంతకాల విషయంలో పాటించవలసినవి కొన్నే. ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకూడదు. వకాల్తాలో న్యాయవాది పేరు చదివి, ఆయనను స్వయంగా కలిసి మాట్లాడిన తర్వాతే సంతకం చేయాలి. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, బిల్లులు, వైకల్య ధ్రువపత్రం వంటివాటి అసలు ప్రతులు ఇంట్లో ఉంచుకుని నకళ్లు ఇవ్వాలి, అసలువి కోర్టులో దాఖలు చేయవలసి వచ్చినప్పుడు రసీదు రాయించుకోవాలి. పరిహారం జమ అయ్యే బ్యాంకు ఖాతా బాధితుడి పేరునే ఉండాలి. పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, ఖాతాకు కలిపిన ఫోను నంబరు మరొకరి చేతికి వెళ్లకూడదు. చదువు రాని బాధితుల సొమ్ము కరిగిపోకుండా దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచే విషయంలో ట్రిబ్యునళ్లకు సుప్రీంకోర్టు 1993లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. డిపాజిట్ పెట్టారంటే కోర్టు తమ డబ్బును ఆపేసిందని కొందరు అనుకుని దళారిని ఆశ్రయిస్తారు గాని, అది వారి రక్షణ కోసం చేసిన ఏర్పాటు. చికిత్సకో చదువుకో అవసరమైతే విడుదల కోరుతూ ట్రిబ్యునల్‌కే దరఖాస్తు చేసుకోవచ్చు.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఇందులో ఆదాయ పరిమితి కూడా లేదు. 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు తెలుసుకోవచ్చు.

ఇప్పటికే సంతకం పెట్టినవారికి కూడా దారి మూసుకుపోలేదు. న్యాయవాదిని మార్చుకునే హక్కు కక్షిదారుకు ఎప్పుడూ ఉంటుంది. పాత న్యాయవాది అంగీకార పత్రం ఇవ్వడానికి నిరాకరిస్తే, ఆ విషయాన్ని చెప్పి ట్రిబ్యునల్ అనుమతితో కొత్త వకాల్తా దాఖలు చేయవచ్చు. ఫీజు బాకీ పేరుతో కేసు కాగితాలను పట్టి ఉంచుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు ఏనాడో స్పష్టం చేసింది. వాటా అడిగిన న్యాయవాదిపై రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదులో కేసు నంబరు, వకాల్తా ఇచ్చిన తేదీ, చెల్లించిన మొత్తాలు, అవి ఏ రూపంలో ఎవరి చేతికి వెళ్లాయి, మధ్యలో ఉన్న దళారి ఎవరు అన్న వివరాలుండాలి. ఫోను సందేశాల నకళ్లను, బ్యాంకు స్టేట్‌మెంటును దానికి జత చేయాలి. క్వీన్స్‌లాండ్‌లో న్యాయవాదిపై ఇటువంటి ఫిర్యాదును అక్కడి లీగల్ సర్వీసెస్ కమిషన్ తీసుకుంటుంది.